కేకులు అమ్మి కూడబెట్టిన డబ్బు మీద ఇరవై శాతం: బ్రిటన్ ఆర్థిక మంత్రికి, సాంస్కృతిక శాఖ మంత్రికి, చర్చి కమిషనర్లకు బహిరంగ లేఖ

దక్షిణ ఆక్స్‌ఫర్డ్‌షైర్,
2025 అక్టోబరు

గౌరవనీయులైన మంత్రులకు, చర్చి ఆఫ్ ఇంగ్లండ్ నిధిని నిర్వహించే కమిషనర్లకు,

నమస్కారాలు. మర్యాద మాటలు ఇంతటితో ఆపి విషయానికి వస్తాను: పాత చర్చిల మరమ్మతు మీద మీరు వసూలు చేసే ఇరవై శాతం వ్యాట్ పన్ను, దానికి పరిహారంగా ఇచ్చే గ్రాంటులో మీరు పెట్టిన కోత.

చిల్టర్న్ కొండల దిగువన ఒక చిన్న ఊళ్ళో ఉంటున్న తెలుగువాణ్ణి. నేను క్రైస్తవుణ్ణి కాను. మా ఇంట్లో పూజగది ఉంది, శనివారం శనివారం వెంకటేశ్వరస్వామికి దీపం వెలుగుతుంది. అయినా మా ఊరి పారిష్ చర్చికి చందాలు కూడబెట్టే మిత్రమండలికి కోశాధికారిని నేనే. లెక్కలు రాయడం వచ్చు, ఇంకెవరూ చెయ్యి ఎత్తలేదు. పల్లెటూళ్ళలో పదవులు ఏ దేశంలోనైనా ఇలాగే వస్తాయి. కాబట్టి ఇది భక్తుడి మొర అనుకోకండి, బిల్లులు చూసేవాడి ఫిర్యాదు అనుకోండి.

ఈ లేఖ ఇంగ్లీషు ప్రతి మీకు విడిగా అందుతుంది. మా మండలి నుంచి లోగడ ఒక కార్యాలయానికి వెళ్ళిన ఉత్తరానికి ముందే అచ్చువేసి పెట్టుకున్న జవాబు వచ్చింది. అందులో మేము అడిగిన ప్రశ్న తప్ప మిగిలినవన్నీ ఉన్నాయి. ఈ గ్రాంటు సంగతి పార్లమెంటులో సభ్యులు అడిగినా, డయోసీసులు (ఒక్కో బిషప్పు కింద ఉండే చర్చి మండలాలు) అడిగినా ఇంతవరకు స్పష్టమైన మాట లేదు. అందుకే బహిరంగంగా, మీ దేశంలో ఓటు ఉన్న మా తెలుగువాళ్ళు కూడా చదివేలా రాస్తున్నాను.

ముందుగా జరిగిన సంగతి. చారిత్రక కట్టడాల జాబితాలో ఉన్న ప్రార్థనాలయానికి మరమ్మతు చేయిస్తే ఇరవై శాతం వ్యాట్ కట్టాలి. కొత్త భవనం కడితే మాత్రం సున్నా. ఈ అన్యాయాన్ని కాస్త సర్దడానికి 2001లో ఒక గ్రాంటు పథకం పెట్టారు. కట్టిన వ్యాట్‌ను తర్వాత వెనక్కి ఇస్తారు. చర్చికే కాదు, జాబితాలో ఉన్న పాత భవనంలో నడిచే గుడికైనా, మసీదుకైనా, గురుద్వారాకైనా, యూదుల ప్రార్థనాలయానికైనా అది వర్తిస్తుంది. 2012 వరకు జాబితాలోని కట్టడానికి అనుమతితో చేసే మార్పులకు పన్ను ఉండేది కాదు, మరమ్మతుకు ఉండేది. మార్చితే పన్ను లేదు, కాపాడితే పన్ను అన్న ఈ వింతను అప్పటి ప్రభుత్వం గుర్తించింది. గుర్తించి ఏం చేసింది? మార్పులకు కూడా పన్ను వేసింది! గగ్గోలు పుట్టాక, దానికి పరిహారంగా గ్రాంటు పథకానికి ఏటా 4.2 కోట్ల పౌండ్లు కేటాయించింది.

ఈ ఏడాది జనవరిలో మీరు ఆ మొత్తాన్ని 2.3 కోట్లకు తగ్గించారు. ఒక్కో ప్రార్థనాలయానికి ఏడాదికి 25 వేల పౌండ్లకు మించి ఇవ్వబోమని పరిమితి పెట్టారు. పథకం 2026 మార్చి 31 వరకేనన్నారు. ఆ తర్వాత ఏమిటో చెప్పలేదు. పరిహారాన్ని కోశారు, ఏ పన్నుకు అది పరిహారమో ఆ పన్నును మాత్రం ఉంచుకున్నారు.

ఇంగ్లండ్‌లో చర్చి ఆఫ్ ఇంగ్లండ్ చర్చిలు దాదాపు 16 వేలు. వాటిలో 12 వేలకు పైగా చారిత్రక కట్టడాల జాబితాలో ఉన్నాయి. దేశంలోని అత్యున్నత శ్రేణి కట్టడాల్లో దాదాపు 45 శాతం ఇవే. వీటిలో ఎక్కువ భాగం పల్లెల్లో ఉన్నాయి. లండన్‌లో కూర్చున్నవారికి ఇవి అంకెలు. అందుకని మా చుట్టుపక్కల ఒకటి రెండు చోట్లకు మిమ్మల్ని కాగితం మీద తీసుకువెళ్తాను.

యూయెల్మ్ అనే ఊరు ఉంది. వాగు ఒడ్డున వాటర్‌క్రెస్ ఆకుకూర మళ్ళు, కొండవాలున చర్చి, దాని కిందుగా పదమూడుమంది పేదల కోసం 1437లో అనుమతి పొందిన ధర్మగృహం, ఆ పక్కనే అదే దాతలు కట్టించిన బడి. ధర్మగృహంలో ఇవాళ్టికీ మనుషులు కాపురం ఉంటున్నారు, బడిలో పిల్లలు అక్షరాలు దిద్దుతున్నారు. కట్టించినవారిలో ఒకరు ఆలిస్, సఫోక్ డచెస్ (డ్యూక్ భార్య), పాత ఇంగ్లీషు కవి చాసర్ మనుమరాలు. ఆమె 1475లో పోయింది. చర్చిలో ఆమె సమాధి ఉంది. పైన అలబాస్టర్ రాతిలో చెక్కిన డచెస్, చేతులు జోడించి, ఎడమ ముంజేతికి గార్టర్ అనే రాజగౌరవ చిహ్నపు పట్టీతో పడుకుని ఉంటుంది. కింద, రాతి జాలీల వెనక, అదే మనిషి శవంగా మారి ఉంటుంది, చర్మం ఎముకలకు అంటుకుపోయి. ఆ చీకటి గూటి పైకప్పు లోపలివైపు దేవదూత మరియమ్మకు శుభవార్త చెబుతున్న బొమ్మ వేశారు. అది చూడాలంటే నేలమీద పడుకుని తొంగిచూడక తప్పదు. చూసేవాళ్ళ కోసం వేసిన బొమ్మ కాదది, పైకి చూస్తూ పడుకున్న ఆ రాతి శవం కోసం వేసినది. ఏ మ్యూజియంలోనో ఉంటే అద్దాల వెనక పెట్టి టిక్కెట్టు వసూలు చేసేవారు. ఇక్కడ టిక్కెట్టు లేదు.

అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో స్టోక్ రో. ఈ ఊళ్ళో బంగారు రంగు గోపురం కింద ఒక బావి ఉంది. తవ్వించింది కాశీ మహారాజు ఈశ్వరీప్రసాద్ నారాయణ్ సింగ్. ఉత్తర భారతంలో కంపెనీ ఉద్యోగం చేసిన ఎడ్వర్డ్ రీడ్ అనే ఈ ప్రాంతపువాడు తన ఊళ్ళలో నీటి ఎద్దడి గురించి రాజుకు చెప్పాడు. ఆ మాట గుర్తుపెట్టుకుని రాజు డబ్బు పంపాడు. 368 అడుగుల లోతు, నాలుగడుగుల వెడల్పు, అంతా చేత్తో తవ్వినదే. 1864లో తెరిచారు. (రాజుల జలదానం మనవాళ్ళకూ ఉంది లెండి. విజయనగరం మహారాజు 1867లో లండన్ హైడ్ పార్కు దగ్గర మంచినీటి ఫౌంటెన్ కట్టించాడు. దాన్ని 1964లో తీసేశారు.) స్టోక్ రోలో నన్ను ఆకట్టుకున్నది బావి లోతు కాదు, పక్కన నాటించిన చెర్రీ తోట. ఆ పండ్ల రాబడితో బావి బాగోగులు చూసుకోవాలన్నది ఏర్పాటు. గుడి కట్టించి దీపానికీ నైవేద్యానికీ, పగుళ్ళు పూడ్చే జీర్ణోద్ధారణకూ మాన్యం రాయించి శాసనం వేయించిన మన పాత దాతల పద్ధతే అది. కట్టడం ఒక్కసారి చేసే పని, నిలబెట్టుకోవడం ఏటా చేసే పని అని ఆ రాజుకు తెలుసు.

ఇంగ్లండ్ పల్లె చర్చికి కూడా ఒకప్పుడు మాన్యం ఉండేది. ఊరి చర్చి భూముల మీద రాబడి ఆ ఊరి పూజారికి దక్కేది. మరమ్మతుకు ఊరందరి మీదా పన్ను ఉండేది. ఆ నిర్బంధ పన్నును 1868లో పార్లమెంటు రద్దు చేసింది, మంచిదే, వేరే విశ్వాసం ఉన్నవాడి దగ్గర బలవంతంగా వసూలు చేయడం న్యాయం కాదు. చర్చి భూములు 1978లో ఊళ్ళ చేతుల్లోంచి డయోసీసులకు వెళ్ళిపోయాయి. దానికీ కారణాలు ఉండవచ్చు. కానీ రాబడి రెండు వైపులా పోయాక బాధ్యత మాత్రం ఎక్కడిదక్కడే, ఊరి చర్చిని నడిపే పారిష్ మండలి మెడ మీదే ఉంది. ఫ్రాన్సులో 1905కు ముందు కట్టిన పారిష్ చర్చిలు చాలావరకు స్థానిక ప్రభుత్వాల ఆస్తి, జర్మనీలో చర్చి సభ్యుల నుంచి పన్ను వసూలవుతుంది. ఇక్కడ రెండూ లేవు. ఐదేళ్ళకోసారి ఆర్కిటెక్టు వచ్చి చర్చిని తనిఖీ చేయాలన్నది 1955 నాటి నిబంధన. ఆయన రాసిచ్చే జాబితా చదివాక మేము చేసే పని ఒక్కటే: కేకులు కాల్చడం, పాత సామాన్లు అమ్మడం, క్విజ్ పోటీలు పెట్టడం. ఆ డబ్బు మీద ఇరవై శాతం పన్ను.

దీనివల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో వరసగా చెబుతాను.

1. లెక్క తేలడం లేదు. మూడు లక్షల పౌండ్ల పైకప్పు పని అనుకోండి. ఇలాంటి పాత భవనానికి అది అసాధారణం కాదు. వ్యాట్ 60 వేలు. ఒక ఏడాదిలో పని ముగిస్తే మీ పథకం నుంచి తిరిగి వచ్చేది గరిష్ఠంగా 25 వేలు. మిగిలిన 35 వేలు ఊరు భరించాలి. పైగా ముందు మొత్తం కట్టి, రసీదులు పంపి, ఆ తర్వాత ఎదురుచూడాలి. నిధి అయిపోతే అంతే సంగతులు. ఇంత పెద్ద పనికి ఇతర ట్రస్టుల దగ్గరకు వెళ్తే వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న: వ్యాట్ సంగతి ఏమిటి? మార్చి తర్వాత ఏమవుతుందో మీరే చెప్పనప్పుడు మేమేం చెప్పగలం?

2. పని ముక్కలవుతోంది. పరిమితి ఏడాదికి కాబట్టి పనిని రెండు మూడేళ్ళకు విడగొట్టమని సలహా ఇచ్చేవారున్నారు. ఆ సలహా ఇచ్చినవాళ్ళు పరంజా బిల్లు ఎప్పుడూ చూసి ఉండరు. పరంజా రెండుసార్లు కట్టించి విప్పించే ఖర్చు ఆదా అనుకున్నదంతా తినేస్తుంది. పైగా వాన ఆగదు. పిట్టగోడ వెనక సీసపు రేకుల కాలువ ఉంటుంది, చేయి దూరేంత వెడల్పు. శరత్కాలంలో ఆకులు రాలి, కాకులు పుల్లలు పోగేసి, నీరు పోయే దారి మూసుకుపోతుంది. నీరు నిలుస్తుంది, రేకు అతుకు దగ్గర లోపలికి జారుతుంది. గోడలో దిగిన ఓక్ దూలం కొస మెత్తబడుతుంది. కింద నుంచి చూస్తే సున్నం మీద టీ మరకలాంటి ఒక గుర్తు తప్ప ఏమీ కనబడదు. చెక్కను గీరితే గోరుకు పొడి వస్తుంది. ఆ దశలో వందల్లో అయ్యే పని రెండు శీతాకాలాలు గడిస్తే వేలు, లక్షలు అవుతుంది. ప్రమాదంలో ఉన్న వారసత్వ కట్టడాల జాబితాలో ఇప్పుడు 900కు పైగా ప్రార్థనాలయాలు ఉన్నాయి. అందులో ఎన్ని ఒకప్పుడు టీ మరకగా మొదలయ్యాయో ఊహించుకోండి.

3. దొంగలు. సీసానికి ధర ఉంది, పల్లె చర్చికి కాపలా లేదు. 2018 తర్వాత తూర్పు, దక్షిణ ఇంగ్లండ్ పల్లెల్లో చర్చి కప్పులు ఒలిచిన ముఠాకు 2021లో శిక్షలు పడ్డాయి, సంతోషం. కానీ కప్పు పోయిన ఊళ్ళకు బీమా నుంచి వచ్చింది చాలా సందర్భాల్లో నష్టంలో కొంత భాగమే. దొంగ అమ్ముకున్నది తుక్కు ధరకు, ఊరు పెట్టుకోవలసింది దానికి ఎన్నో రెట్లు. దొంగతనం జరిగిన కప్పును బాగు చేసుకున్నా ఇరవై శాతం మీకు కట్టాల్సిందే. దొంగ వల్ల ఖజానాకు లాభం వచ్చే ఏర్పాటు ఇంకెక్కడైనా ఉందా?

4. మనుషులు అలిసిపోతున్నారు. ఒక్కో వికార్‌కు, అంటే ఊరి చర్చి గురువుకు, ఇప్పుడు ఐదారు ఊళ్ళు. జీతం లేకుండా చర్చి బాగోగులు చూసే వార్డెన్లలో చాలామంది డెబ్బైలు దాటినవారు. నిచ్చెన ఎక్కవద్దని డాక్టరు చెప్పిన మనిషి నిచ్చెన ఎక్కి కాలువ శుభ్రం చేస్తున్నాడు, ఎందుకంటే కూలీ ఇవ్వాలంటే మళ్ళీ మీటింగు, మళ్ళీ ఓటు. ఒక పనికి డయోసీస్ అనుమతి ఒక దరఖాస్తు, గ్రాంటుకు ఇంకో దరఖాస్తు, ట్రస్టుకు మరొకటి, గబ్బిలాలు ఉంటే వాటికి వేరే చట్టం. (గబ్బిలాల మీద నాకు కోపం లేదు. అవి కనీసం ఫారాలు నింపమనవు.) ఉన్న నలుగురైదుగురు చేతులెత్తేసిన రోజున ఆ చర్చి మూసివేత వైపు వెళ్తుంది. ఎవరూ మూయాలని నిర్ణయించరు. వార్డెనుగా నిలబడేవాళ్ళు ఉండరు, అంతే.

5. తాళం పడితే పోయేది ప్రార్థన ఒక్కటే కాదు. పల్లెల్లో బడి పోయింది, దుకాణం పోయింది, పబ్బు పోయింది, బస్సు తగ్గింది. చాలా ఊళ్ళలో పదిమంది కూర్చోవడానికి మిగిలిన ఒకే ఒక్క కప్పు చర్చిది. కొన్ని చోట్ల వారానికి ఒకటి రెండు పూటలు పోస్టాఫీసు చర్చిలోనే నడుస్తోంది. చంటిపిల్లల ఆటపాటలు, ఆహార నిధి పెట్టెలు, చలికాలంలో ఇంట్లో హీటరు వేసుకోలేని వృద్ధులకు వెచ్చని గది, ఎన్నికల రోజున పోలింగు, ఇవన్నీ అక్కడే. నాలాంటి పరదేశి ఊళ్ళో కొత్తగా దిగినప్పుడు ఎవరికీ ఎదురుపడకుండా నెలలు గడిచిపోతాయి. నాకు ఊరి ముఖాలు తెలిసింది చర్చి ఆవరణలో సమోసాలు అమ్మిన రోజునే. రిజిస్టర్లు, రాతి ఫలకాలు, రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన కుర్రాళ్ళ పేర్లు, ఊరి చరిత్ర అంతా ఆ గోడల మీదే ఉంది. అందులో మన దేశపు సంగతులూ ఉన్నాయి. మద్రాసులో, బెంగాల్లో చచ్చిపోయిన కంపెనీ ఉద్యోగుల స్మారక ఫలకాలు ఎన్ని పల్లె చర్చిల్లో చూస్తామో! ఆ చరిత్రలో మనకు నచ్చనిది చాలా ఉంది. నచ్చినా నచ్చకపోయినా అది రాసి ఉన్న కాగితం తడిసిపోకూడదు.

6. పనివాళ్ళు. సీసపు రేకు మలిచేవారు, సున్నపు గచ్చు తెలిసిన తాపీమేస్త్రీలు, చెకుముకి రాయి గోడ కట్టేవారు, రంగుటద్దాలు బిగించేవారు ఎక్కువగా ఇద్దరు ముగ్గురితో నడిచే చిన్న సంస్థలు. పనులు వాయిదా పడితే వాళ్ళు వేరే పనుల్లోకి పోతారు. మళ్ళీ కావాలంటే దొరకరు.

మరమ్మతు ఎలా జరగాలో ఈ నేలకు తెలియనిది కాదు. మా ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోనే ఉఫింగ్టన్ కొండమీద తెల్ల గుర్రం ఉంది. సుమారు మూడు వేల ఏళ్ళ నాటిది, 110 మీటర్ల పొడవు, గడ్డి తొలిచి సుద్ద నింపి గీసిన బొమ్మ. తరం తర్వాత తరం వచ్చి కలుపు తీసి, కొత్త సుద్ద దంచకపోతే ఎప్పుడో గడ్డి కింద మాయమై ఉండేది. నేటికీ వలంటీర్లు సుత్తులతో వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని దంచుతున్నారు. ఊళ్ళ శ్రమకు కొదవ లేదు. ఆ శ్రమ మీద పన్ను వేయవద్దనే అడుగుతున్నాం.

మా డిమాండ్లు ఇవి.

1. ఆర్థిక మంత్రి గారికి: నవంబరు 26న మీ బడ్జెట్ ఉంది. చారిత్రక కట్టడాల జాబితాలోని ప్రార్థనాలయాల మరమ్మతుపై వ్యాట్ తీసేయండి. యూరోపియన్ యూనియన్ నిబంధనలు అడ్డమని ఒకప్పుడు చెప్పేవారు. యూనియన్ నుంచి బయటికి వచ్చాక 2021 జనవరి నుంచి శానిటరీ ప్యాడ్ల మీద వ్యాట్ తీసేశారు, ఇంటికి సోలార్ ఫలకాలు బిగిస్తే 2022 నుంచి సున్నా చేశారు. రెండూ మంచి పనులే. అంటే చేయాలనుకుంటే చేయవచ్చన్నమాట.

2. సాంస్కృతిక శాఖ మంత్రి గారికి: పన్ను తీసేసే దాకా గ్రాంటు పథకాన్ని 2026 మార్చి తర్వాత కనీసం ఐదేళ్ళపాటు కొనసాగిస్తామని రాతపూర్వకంగా ప్రకటించండి. 25 వేల పరిమితి ఎత్తివేయండి. ఇప్పటికే పని మొదలుపెట్టిన చర్చిలకు పాత షరతులే వర్తింపజేయండి. ఒక ఏడాది పథకం మీద ఎవరూ కప్పు పని ఒప్పందం చేసుకోలేరు.

3. చర్చి కమిషనర్లకు: మీరు నిర్వహించే నిధి వెయ్యి కోట్ల పౌండ్లకు పైమాట. పింఛన్లు, డయోసీసులకు సాయం, కొత్త కార్యక్రమాలు, మీ బాధ్యతలు మాకు తెలుసు. కానీ ఆ నిధి మూలాల్లో 1704లో ఆన్ రాణి పేద పారిష్‌ల గురువుల కోసం పెట్టిన నిధి కూడా ఉంది. పల్లె భవనాల నిర్వహణకు ఏటా స్థిరమైన వాటా కేటాయించండి. పెద్ద మొత్తాలు అక్కర్లేదు. ప్రతి డయోసీస్‌లో కాలువలు శుభ్రం చేసే ఒక సంచార బృందం, దరఖాస్తులు నింపిపెట్టే ఒక ఉద్యోగి ఉంటే మా వార్డెన్లు నిచ్చెన దిగుతారు.

4. హోం శాఖకు కూడా ఈ ప్రతి పంపుతున్నాం: తుక్కు లోహానికి నగదు చెల్లించకూడదని 2013 చట్టం చెబుతోంది. దాన్ని తనిఖీ చేసేవాళ్ళు లేకపోతే అది కాగితమే. దొంగిలించిన కప్పును తిరిగి వేసే పనికైనా వ్యాట్ మినహాయింపు వెంటనే ఇవ్వవచ్చు. దానికి పెద్ద సంస్కరణలేవీ అక్కర్లేదు.

ఇక బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారికి ఒక మాట. ఇది వాళ్ళ గుడి గొడవ, మనకెందుకు అనుకోకండి. ఈ పథకం పాత భవనాల్లో నడుస్తున్న మన గుళ్ళకూ వర్తించేదే. ఇక్కడ చట్టబద్ధంగా నివసిస్తున్న భారత పౌరులకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది. వీసా మీద ఉన్నవారికీ ఉందని మనలో చాలామందికి తెలియదు. పేరు నమోదు చేసుకోండి. మీ ఎంపీకి బడ్జెట్ వచ్చేలోపల ఒక ఉత్తరం రాయండి, పై డిమాండ్లలో మొదటి రెండూ చాలు, అరపేజీలో పడతాయి. ఎంపీ కార్యాలయం సాధారణంగా చిరునామా అడుగుతుంది, అది తప్పక రాయండి, లేకపోతే పక్కన పెట్టేస్తారు. వారాంతంలో పిల్లలతో కాట్స్‌వోల్డ్స్ వెళ్ళి వంతెన మీద ఫొటోలు దిగుతాం కదా, ఊరి చర్చి తలుపు తోసి చూడండి. చాలావరకు తీసే ఉంటుంది. లోపల గోడలో చందాలు వేసే ఒక ఇనుప పెట్టె ఉంటుంది, లేదా కార్డు గీకే చిన్న యంత్రం.

మంత్రులారా, కమిషనర్లారా, మా మండలి డిసెంబరు మొదటి వారంలో సమావేశమవుతుంది. ఉత్తరం దిక్కు గోడ పక్క కప్పు పనికి టెండరు పిలవాలా, ఇంకో ఏడాది ఆగాలా అన్నది ఆ రోజు తేల్చుకోవాలి. ఆ లోపల మీ జవాబు కావాలి. అచ్చువేసినది కాకుండా.

ఇట్లు,
ఒక గ్రామ చర్చి మిత్రమండలి కోశాధికారి,
దక్షిణ ఆక్స్‌ఫర్డ్‌షైర్